ప్రశ్నోత్తరాల సైట్లో మోడరేషన్ – 4వ పాఠం: ఫ్లాగ్ వచ్చింది, ఏం చేయాలి?

గత పాఠంలో ప్రశ్నలు మూసే (అంటే కొత్త జవాబులు రాకుండా ఆపే) పద్ధతి చూశాం. చివర ఇచ్చిన అభ్యాసం సంగతి ముందు తేల్చేద్దాం. ప్రశ్న ఇది: "పైథాన్‌లో నా ప్రోగ్రామ్ ఎర్రర్ ఇస్తోంది సర్, చాలా అర్జెంట్, సబ్మిషన్ రేపే, ప్లీజ్ హెల్ప్." కోడ్ లేదు, ఎర్రర్ మెసేజ్ లేదు. మూయాలా, ఎడిట్ చేయాలా, డిలీట్ చేయాలా?

మూయాలి. కారణం, డీబగ్ చేయడానికి, అంటే తప్పు ఎక్కడుందో వెతికి సరిచేయడానికి, కావాల్సిన వివరాలు లేకపోవడం. డిలీట్ అక్కర్లేదు. మూసిన ప్రశ్నను అడిగినవాళ్లే సరిచేసుకుని మళ్లీ తెరిపించుకోవచ్చు, డిలీట్ అయితే ఆ దారి దాదాపు మూసుకుపోతుంది. ఇక ఆ "సర్", "అర్జెంట్" మాటలు. మన ఇంజనీరింగ్ కాలేజీల నుంచి వచ్చే ప్రశ్నల్లో ఇవి ఎక్కువే. ఎడిట్‌లో నిశ్శబ్దంగా తీసేయండి, కానీ వాటిని చూసి విసుగొచ్చి క్లోజ్ ఓటు వేయకండి. కోడ్, ఎర్రర్ రెండూ ఉండి, పైన నాలుగు ప్లీజులు కూడా ఉంటే అది మంచి ప్రశ్నే.

ఈ పాఠాలన్నిటికీ ప్రోగ్రామింగ్ ప్రశ్నోత్తరాల సైటైన స్టాక్ ఓవర్‌ఫ్లోనే ఉదాహరణగా తీసుకుంటున్నాం. 2008లో జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ మొదలుపెట్టిన ఈ సైట్లోనూ, దాని చుట్టూ పెరిగిన మిగతా స్టాక్ ఎక్స్ఛేంజ్ సైట్లలోనూ మోడరేషన్ నియమాలు అందరికీ కనబడేలా రాసి ఉంటాయి. ఏ నియమం ఎందుకు వచ్చిందో సభ్యులు మెటా సైట్లలో (సైట్ గురించే చర్చించే చోట్లలో) చేసిన వాదనలు కూడా దొరుకుతాయి. నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

ఈసారి ఫ్లాగులు.

ఫ్లాగ్ ఎవరు వేస్తారు?

ఫ్లాగ్ అంటే "దీన్ని ఒకసారి చూడండి" అని సభ్యులు పెట్టుకునే అర్జీ. 15 రెప్యుటేషన్ (సభ్యుడు సంపాదించుకునే పాయింట్లు) ఉంటే చాలు, వేయొచ్చు. ఈ అంకెను పక్క అంకెలతో కలిపి చూడండి. డౌన్‌వోట్ (మైనస్ ఓటు) వేయాలంటే 125 కావాలి. క్లోజ్ ఓటు వేయాలంటే 3000 కావాలి. అంటే తప్పు జవాబు కనబడినప్పుడు కొత్త సభ్యుడి చేతిలో డౌన్‌వోట్ ఉండదు, ఫ్లాగ్ మాత్రం ఉంటుంది. ఉన్నదే వాడతాడు. మీ ముందుకు వచ్చే ఫ్లాగుల్లో మీరు తీర్చలేనివి ఎందుకు ఉంటాయో ఇక్కడే తెలుస్తుంది. వేసినవాడి మీద కోపం తెచ్చుకోవాల్సిన పని లేదు.

ఫ్లాగులు ప్రధానంగా ఇవి: స్పామ్, దూషణ, ఇది జవాబు కాదు, నాణ్యత మరీ తక్కువ, మోడరేటర్ కలగజేసుకోవాలి. మొదటి రెండూ సభ్యులు తగినంత మంది వేస్తే మోడరేటర్ రాకముందే పోస్ట్ మాయమైపోతుంది. తర్వాతి రెండిట్లో చాలావరకు రివ్యూ క్యూలో (పరిశీలించాల్సిన పోస్టుల వరసలో) అనుభవమున్న సభ్యులే తేల్చేస్తారు. చివరిది మాత్రం నేరుగా మీ దగ్గరికే వస్తుంది, అందులో సభ్యుడు తన మాటల్లో కారణం రాయాలి. పేరు పక్కన డైమండ్ గుర్తు ఉన్న మోడరేటర్ సమయం ఎక్కువగా ఈ చివరి రకానికే పోతుంది. జీతం లేని పని కాబట్టి ఆ సమయం దేనికి ఖర్చవుతుందో తెలిసి ఉండటం మంచిది.

మొదట పోస్ట్, తర్వాత ఫ్లాగ్

అలవాటు చేసుకోవాల్సిన మొదటి పద్ధతి ఇది. ఫ్లాగ్‌లో రాసింది చదవకుండా ముందు పోస్ట్ చదవండి. అది జవాబైతే పైనున్న ప్రశ్న కూడా చదవండి. తర్వాత ఎడిట్ల చరిత్ర తెరవండి. ఆ తర్వాతే ఫ్లాగ్‌లో ఏముందో చూడండి. ఫ్లాగ్ ముందు చదివితే ఆ కళ్లతోనే పోస్ట్ చూస్తాం. "ఇతను కావాలని తప్పుదారి పట్టిస్తున్నాడు" అని చదివాక మామూలు వాక్యంలో కూడా దురుద్దేశం కనబడటం మొదలవుతుంది.

చరిత్ర ఎందుకు చూడాలంటే, దూషణ ఉందని ఫ్లాగ్ వచ్చిన పోస్టులో ఆ మాట రాసింది అసలు రచయిత కాకపోవచ్చు. మధ్యలో వేరెవరో ఎడిట్ చేసి చేర్చి ఉండొచ్చు. అప్పుడు చేయాల్సింది డిలీట్ కాదు, పాత రూపానికి రోల్‌బ్యాక్.

జవాబు తప్పు, అయితే?

ఈ పాఠంలో ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే. కొత్త మోడరేటర్లు ఎక్కువగా తడబడేది కూడా ఇక్కడే.

ఉదాహరణ తీసుకుందాం. పీహెచ్‌పీలో డేటాబేస్ నుంచి యూజర్ వివరాలు ఎలా తీసుకోవాలి అన్నది ప్రశ్న. 2010లో వచ్చిన జవాబులో మైఎస్‌క్యూఎల్ పాత ఫంక్షన్లు వాడారు. పైగా ఫారంలో యూజర్ టైప్ చేసినదాన్ని నేరుగా క్వెరీలో (డేటాబేస్‌కు పంపే ఆదేశంలో) అతికించారు. దానిమీద ఒకరు ఫ్లాగ్ వేశారు: "ఇది ప్రమాదకరం, హ్యాక్ అవుతారు, వెంటనే తీసేయండి."

ఫ్లాగ్ వేసినవారు చెప్పింది అక్షరాలా నిజం. అలా రాసిన కోడ్‌లోకి ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌తో, అంటే ఫారంలో డేటాబేస్ ఆదేశాలు టైప్ చేసి, చొరబడటం సులువు. ఆ పాత ఫంక్షన్లను 2015 చివర్లో వచ్చిన పీహెచ్‌పీ 7 నుంచి పూర్తిగా తీసేశారు కూడా. అయినా ఫ్లాగ్‌ను తిరస్కరించాలి. సాంకేతికంగా తప్పు అన్న కారణంతో ఫ్లాగ్ వేయకూడదని చెప్పే రెడీమేడ్ తిరస్కరణ సందేశమే స్టాక్ ఓవర్‌ఫ్లోలో ఉంది. అది వాడాల్సిన అవసరం ఎంత తరచుగా వస్తుందో దీన్నిబట్టే ఊహించండి.

ఎందుకు తిరస్కరించాలి? క్రికెట్‌లో బంతి నోబాలా కాదా అన్నది అంపైర్ చెప్పాలి, షాట్ బాగుందో లేదో చెప్పడం అతని పని కాదు. మీకు పీహెచ్‌పీ తెలుసు కాబట్టి ఈ ఒక్క జవాబు సంగతి మీకు అర్థమైంది. రేపు హాస్కెల్‌లోనో, ఫోర్ట్రాన్‌లోనో రాసిన జవాబు తప్పని ఫ్లాగ్ వస్తే ఎవరిని నమ్ముతారు? ఫ్లాగ్ వేసినవాడినా, జవాబు రాసినవాడినా? సైట్లో తప్పొప్పులు తేల్చడానికి ఓట్లున్నాయి. మామూలు సభ్యుడు క్లోజ్ ఓటో, డిలీట్ ఓటో వేస్తే అది చాలా ఓట్లలో ఒకటి. మోడరేటర్ వేసిన ఒక్క ఓటుతో పని అక్కడికక్కడే అయిపోతుంది. ఆ బలంతో తప్పొప్పులు కూడా మీరే తేల్చడం మొదలుపెడితే, ఓటు వేయాల్సిన పదిమంది ఓటు మానేసి మీకు ఫ్లాగులు వేస్తూ కూర్చుంటారు.

ఇంకో సంగతి. మైనస్ ఓట్లతో, కింద "ఇలా చేయకండి, కారణం ఇది" అన్న కామెంట్‌తో నిలబడి ఉన్న తప్పు జవాబు చదివేవాళ్లకు ఉపయోగపడుతుంది. దాన్ని తీసేస్తే, అదే ఆలోచనతో వచ్చేవాడికి అది తప్పని చెప్పేవాళ్లుండరు. వాడు మళ్లీ అదే జవాబు రాస్తాడు.

అయితే తిరస్కరించి చేతులు దులుపుకోకూడదు. మోడరేటర్‌గా తీసేయరు కానీ, సభ్యుడిగా మీకూ ఒక ఓటుంది. డౌన్‌వోట్ వేయండి. ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (యూజర్ టైప్ చేసినదాన్ని ఆదేశంతో కలపకుండా వేరుగా పంపే పద్ధతి) వాడమని కామెంట్ రాయండి. ఫ్లాగ్ వేసినవారికి ఇచ్చే సందేశంలో కూడా "తిరస్కరించాం" అని ఆపకుండా, చేయాల్సింది ఏమిటో చిన్నగా చెప్పండి: "మీరు చెప్పింది నిజమే. తప్పు జవాబుకు డౌన్‌వోట్, కామెంట్ సరైన దారి. సురక్షితమైన పద్ధతితో మీరే కొత్త జవాబు రాస్తే ఇంకా మంచిది." తిరస్కరణలు ఎక్కువైతే కొంతకాలం ఫ్లాగ్ వేసే అవకాశమే పోతుంది కాబట్టి, ఎందుకు తిరస్కరించారో తెలుసుకోవడం ఆ సభ్యుడికి అవసరం.

ఇది జవాబు కాదు

ఈ రకంలో రూపాన్ని చూసి మోసపోవద్దు. "నాకూ ఇదే ప్రాబ్లెమ్, ఎవరికైనా సొల్యూషన్ దొరికిందా?" జవాబు కాదు, తీసేయండి. "థాంక్యూ, పనిచేసింది" కూడా అంతే. మరి "కేబుల్ ఒకసారి తీసి మళ్లీ పెట్టి చూశారా?" ప్రశ్నార్థకంతో ముగిసింది కదా అని దీనిమీద ఫ్లాగులు వస్తుంటాయి. కానీ అది జవాబే. సమస్య తీరే మార్గం ఒకటి చెబుతోంది. బలహీనమైన జవాబు కావచ్చు, అది ఓట్లు చూసుకుంటాయి. ప్రశ్నకు జవాబు చెప్పే ప్రయత్నం అందులో ఉందా లేదా అన్నంతవరకే మీరు చూడాలి.

ఒక్క లింక్ మాత్రమే ఉన్న పోస్టులతో కాస్త చిక్కు. "ఇక్కడ చూడండి" అని లింక్ ఇచ్చి వదిలేస్తే, ఆ పేజీ పోయిన రోజు అక్కడ ఏమీ మిగలదు. నా పరీక్ష ఇది: లింక్ పనిచేయడం మానేసిందనుకోండి, మిగిలిన మాటల్లో చదివేవాడికి ఏమైనా దొరుకుతుందా? "ఫలానా లైబ్రరీలో ఫలానా ఫంక్షన్ వాడండి, వివరాలు ఇక్కడ" అని ఉంటే దొరుకుతుంది, ఉంచండి. అప్పటికి మీకు తీరిక ఉంటే రెండు వాక్యాలు చేర్చి ఎడిట్ చేయండి, ఫ్లాగ్ గొడవే ఉండదు.

కామెంట్ల మీద వచ్చే ఫ్లాగుల దగ్గర ఇంత ఆలోచన అక్కర్లేదు. కామెంట్లు మొదటినుంచీ తాత్కాలికమే. పని అయిపోయిందా, తీసేయండి. ఘాటుగా ఉండి ఉపయోగపడేదైతే ఉంచండి. మనిషిని అంటున్నదైతే తీసేయండి. ఇద్దరు వాదులాడుకుంటుంటే ఒక్కరివే తీయకండి, రెండోవాడు గెలిచానని అనుకుంటాడు.

ప్రశ్నను చెరిపేసుకునే విద్యార్థి

తరచుగా ఎదురయ్యేది ఇంకొకటుంది. ఒక విద్యార్థి అసైన్‌మెంట్ ప్రశ్న పెట్టాడు. మంచి జవాబు వచ్చింది. మర్నాడు లెక్చరర్ చూస్తారన్న టెన్షన్‌తో ప్రశ్నంతా చెరిపేసి చుక్కలు పెట్టాడు. జవాబు రాసినవారు ఫ్లాగ్ వేశారు.

రోల్‌బ్యాక్ చేయండి. సైట్లో పెట్టిన ప్రతిదీ క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద పెట్టినట్టే, వెనక్కి తీసుకోవడం కుదరదు. పైగా ప్రశ్న పోతే జవాబు రాసినవారి శ్రమ అర్థం లేకుండా పోతుంది. అతను మళ్లీ చెరిపితే, మళ్లీ రోల్‌బ్యాక్ చేసి కొంతకాలం పోస్ట్‌ను లాక్ చేయండి. అతనికి రాసేటప్పుడు మాత్రం మెత్తగా రాయండి. పోస్ట్ నుంచి తన పేరు తీయించుకునే దారి ఉందని చెప్పండి. చాలామందికి కావాల్సింది అదే.

చెరిపింది అసైన్‌మెంట్ కాకుండా పాస్‌వర్డో, ఏపీఐ కీనో (ఒక సేవను ప్రోగ్రామ్ నుంచి వాడుకోవడానికి ఇచ్చే రహస్య కోడ్) అయితే కథ వేరు. అప్పుడు రోల్‌బ్యాక్ చేయకూడదు. పాత ఎడిషన్లలోంచి కూడా దాన్ని తీసే సదుపాయం మోడరేటర్లకు ఉంది, అది వాడాలి. ఆ కీ ఈపాటికే ఎవరి కంటైనా పడి ఉంటుంది కాబట్టి, దాన్ని రద్దు చేసుకోమని కూడా చెప్పాలి. చరిత్ర ముందు చూడమన్నది ఇలాంటి వాటికోసమే.

ఒకే ఆఫీసు, ఒకే ఐపీ

"వీళ్లిద్దరూ ఒకరికొకరు ఓట్లు వేసుకుంటున్నారు" అని కూడా ఫ్లాగులు వస్తాయి. తక్కువ సమయంలో ఒకే మనిషికి వరసగా పడిన ఓట్లను సిస్టమే పట్టుకుని వెనక్కి తీసేస్తుంది. అందులో తప్పించుకున్నవి మీ దాకా వస్తాయి. ఓటు ఎవరికి ఎవరు వేశారో లోతుగా తవ్వాల్సి వస్తే అది సైట్ నడిపే కంపెనీ సిబ్బంది పని. ఐపీ అడ్రస్ (నెట్ కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య), ఈమెయిల్ లాంటి వివరాలు మోడరేటర్లకు అందుబాటులో ఉంటాయి, అందుకే పని మొదలుపెట్టే ముందే ఒప్పందం మీద సంతకం తీసుకుంటారు.

ఇక్కడ మనవాళ్ల పరిస్థితి కొంచెం ప్రత్యేకం. హైటెక్ సిటీలో ఒకే ఆఫీసు నెట్‌వర్క్ నుంచి వందలమంది సైట్లోకి వస్తారు. కాలేజీ ల్యాబులో అరవైమంది ఒకే ఐపీతో కనబడతారు. ఐపీ ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడే అనుకోకండి. రాసే తీరు, సైట్లో ఉండే వేళలు, ఏ పోస్టుల దగ్గర ఇద్దరూ కలుస్తున్నారు, అన్నీ కలిపి చూడాలి. సందేహం మిగిలితే ఇంకో మోడరేటర్‌ను అడగండి.

ఏఐ రాసిందన్న అనుమానం

2022 డిసెంబర్‌లో, చాట్‌జీపీటీ వచ్చిన కొద్దిరోజులకే, దానితో రాయించిన జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లో నిషేధించింది. 2023 మేలో, ఏఐ అనుమానం మీద చర్య తీసుకునే విషయంలో కంపెనీ మోడరేటర్ల చేతులు కట్టేసింది. ఏఐ అన్న అనుమానంతో నిజమైన సభ్యులు సస్పెండ్ అవుతున్నారన్నది కంపెనీ వాదన. సైట్ నాణ్యతను కాపాడే వీలే లేకుండా చేశారన్నది మోడరేటర్ల వాదన. ఆ జూన్‌లో చాలామంది మోడరేటర్లు సమ్మెకు దిగారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది.

నా అభిప్రాయంలో ఇద్దరి మాటలోనూ నిజముంది. ఏఐ డిటెక్టర్ ఇచ్చే శాతాన్ని ఆధారంగా తీసుకోకండి. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు గ్రామర్ టూల్‌తో దిద్దుకున్న వాక్యాలు కూడా అచ్చం అలాగే నున్నగా ఉంటాయి, ఆ లెక్కన మనలో సగంమంది దొరికిపోతాం. వేరే ఆనవాళ్లు వెతకండి: లేని ఫంక్షన్‌ను ఉన్నట్టు రాయడం, సంబంధం లేని ఐదారు టాపిక్‌లలో నిమిషాల తేడాతో పొడుగాటి జవాబులు పెట్టడం, తన జవాబు గురించే కామెంట్‌లో అడిగితే చెప్పలేకపోవడం. ఇలాంటివి రెండు మూడు కలిసినప్పుడే కదలండి.

అభ్యాసం

కింది నాలుగు ఫ్లాగుల మీద మీ నిర్ణయం రాసుకోండి. ప్రతిదానికీ ఫ్లాగ్ వేసినవారికి పంపే సందేశం కూడా రాయండి, రెండు వాక్యాలకు మించకూడదు. జవాబులు 5వ పాఠంలో, సస్పెన్షన్ ఉత్తరం రాసే పద్ధతితో పాటు ఇస్తాను.

1. 2011 నాటి జవాబు, వందకు పైగా ఓట్లున్నాయి. ఫ్లాగ్: "ఇది ఇప్పటి వెర్షన్‌లో పనిచేయదు, డిలీట్ చేయండి."

2. ప్రశ్న అడిగినవారే జవాబు పెట్టెలో రాశారు: "నా ప్రశ్నలో చెప్పడం మర్చిపోయాను, నేను వాడేది విండోస్." ఫ్లాగ్: "ఇది జవాబు కాదు." (ఊరికే డిలీట్ చేస్తే ఏం పోతుందో ఆలోచించండి.)

3. ఒక కామెంట్: "డాక్యుమెంటేషన్ మొదటి పేజీలోనే ఉంది, చదవకుండా అడిగారు." ఫ్లాగ్: "మర్యాద లేదు." కామెంట్‌లో ఆ పేజీ లింక్ ఉంది, అదే సరైన జవాబు.

4. జవాబులో తన సొంత కంపెనీ టూల్ వాడమని ఒకరు రాశారు. టూల్ ఆ సమస్యకు నిజంగానే సరిపోతుంది. అది తన కంపెనీదని ఎక్కడా చెప్పలేదు. ఫ్లాగ్: "స్పామ్." గత నెలలో ఇతను రాసిన మిగతా జవాబులు కూడా తెరిచి చూశాకే నిర్ణయించండి, వాటిలో రెండిట్లో టూల్ ప్రస్తావన లేదు, మూడింట్లో ఉంది.