పసిబిడ్డలో పైత్యరస నాళాలు మూసుకుపోతే ఎలా గుర్తించాలి, చికిత్స ఎలా చేయించాలి?

నెలలు నిండి పుట్టిన బిడ్డలలో సగానికి పైగా మొదటి వారంలో పచ్చబడతారు. రెండో రోజునో మూడో రోజునో మొదలై రెండు వారాలలోగా తగ్గిపోయే ఈ కామెర్లు చాలావరకు ప్రమాదం లేనివి. అయితే సుమారు 10,000 నుంచి 20,000 మంది శిశువులలో ఒకరికి ఆ పచ్చదనం వెనుక బిలియరీ అట్రీషియా అనే జబ్బు ఉంటుంది. కాలేయంలో తయారైన పైత్యరసాన్ని పేగుకు చేర్చే నాళాలు వాచి, మచ్చకట్టి, క్రమంగా పూడిపోవడం వల్ల ఆ రసం కాలేయంలోనే నిలిచిపోయి దానిని గట్టిపరుస్తూ పోతుంది. చికిత్స అందకపోతే ఈ బిడ్డలలో ఎక్కువమంది రెండేళ్ల లోపే చనిపోతారు. ఇది తల్లి తిన్న తిండి వల్ల వచ్చేది కాదు, సాధారణంగా వంశపారంపర్యమూ కాదు. కాబట్టి పథ్యం సరిగా చేయలేదని బాలింతను నిందించడంలో అర్థం లేదు.

ఈ జబ్బులో అన్నింటికన్నా విలువైనది సమయం. బిడ్డకు 60 రోజులు నిండేలోగా, వీలైతే 45 రోజులలోగా, శస్త్రచికిత్స జరిగితే ఫలితం మెరుగ్గా ఉంటుంది. 90 రోజులు దాటితే అవకాశాలు బాగా తగ్గిపోతాయి. అందువల్ల కింద చెప్పిన ప్రతి పనికీ బిడ్డ పుట్టిన రోజు నుంచే లెక్క పెట్టుకోవాలి.

మొదట బిడ్డను పగటి వెలుతురులో చూడండి

మన ఇళ్లలో బాలింతను, బిడ్డను గాలి తగలకుండా తలుపులు, కిటికీలు వేసిన గదిలో ఉంచడం ఆనవాయితీ. బల్బు వెలుగులో పచ్చదనం సరిగా కనబడదు. రోజుకొకసారి బిడ్డను కిటికీ దగ్గరకు తెచ్చి కంటి తెల్లగుడ్డును చూడాలి. 14 రోజులు నిండినా, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే 21 రోజులు నిండినా, కన్ను ఇంకా పచ్చగానే ఉంటే ఆ రోజే వైద్యుడికి చూపించాలి. ఆశా కార్యకర్త ఇంటికి రావలసిన రోజులలో 3, 7వ రోజుల తరువాత 14, 21, 28, 42వ రోజులు కూడా ఉన్నాయి కాబట్టి, ఆమె వచ్చినప్పుడు బిడ్డ కళ్లు చూడమని అడగండి.

ఇక్కడ తల్లిదండ్రులను, కొన్నిసార్లు వైద్యులను కూడా, పొరబాటు పడేలా చేసేది బిడ్డ ఆరోగ్యంగా కనబడడమే. బిలియరీ అట్రీషియా ఉన్న శిశువు మొదటి వారాలలో పాలు బాగా తాగుతుంది, చురుగ్గా ఉంటుంది, బరువు కూడా పెరుగుతుంది. బొద్దుగా ఉంది కదా అని నెల రోజులు ఆగడం ఈ బిడ్డలకు జరిగే అతి పెద్ద నష్టం.

తరువాత మలం రంగు, మూత్రం రంగు గమనించండి

మలానికి రంగునిచ్చేది పైత్యరసమే. తల్లిపాలు తాగే బిడ్డ మలం ఆవపిండి ముద్దలా పసుపుగా ఉన్నా, ఆకుపచ్చగా ఉన్నా, గోధుమరంగులో ఉన్నా ఫరవాలేదు. సుద్దలా తెల్లగానో, బూడిద రంగులోనో, పాలిపోయిన లేత పసుపులోనో ఉంటే మాత్రం పైత్యరసం పేగులోకి రావడం లేదని అనుమానించాలి. నాళాలు ఒక్కరోజులో మూసుకుపోవు కాబట్టి మొదటి రోజులలో మలం మామూలు రంగులో ఉండి, తరువాత క్రమంగా పాలిపోవచ్చు. డైపరులో మూత్రం కలిసి పైపైన పసుపు అంటుకోవచ్చు కనుక మలాన్ని కాస్త విడదీసి లోపలి రంగు చూడాలి. అనుమానం కలిగినప్పుడు పగటి వెలుతురులో ఫోటో తీసి, తేదీతో సహా వైద్యుడికి చూపించడం మాటలతో వర్ణించడం కన్నా ఎంతో మేలు.

పసిబిడ్డ మూత్రం దాదాపు రంగు లేకుండా ఉండాలి. తెల్లటి నూలు గుడ్డ కట్టినప్పుడు పసుపు మరక పడుతుంటే అది గట్టి సంకేతం. డైపర్లు వాడే ఇళ్లలో ఈ మరక తేలికగా కంటపడదు కాబట్టి పగలు కొన్ని గంటలైనా గుడ్డ కట్టడం మంచిదని నా అభిప్రాయం.

తైవాన్‌లో 2004 నుంచి ప్రతి శిశువు ఆరోగ్య పుస్తకంలో మలం రంగుల కార్డు ఉంటోంది. తల్లులు ఇంట్లోనే రంగు పోల్చి చూసుకోవడం వల్ల సకాలంలో శస్త్రచికిత్స జరిగే బిడ్డల సంఖ్య పెరిగింది. మన తల్లీబిడ్డల కార్డులోనూ అటువంటి పేజీ ఒకటి ఉండాలని గట్టిగా కోరుకోవలసి ఉంది.

ఆస్పత్రిలో ఏ పరీక్ష అడగాలి?

ఒంటిని పచ్చబరిచే పదార్థం పేరు బిలిరుబిన్. రక్తంలో అది మొత్తం ఎంత ఉందో ఒక్కటే చూస్తే చాలదు. అందులో డైరెక్ట్ బిలిరుబిన్, అంటే కాలేయం పైత్యరసంలోకి పంపడానికి సిద్ధం చేసిన భాగం, ఎంత ఉందో విడిగా చెప్పే రక్తపరీక్ష చేయించాలి. డైరెక్ట్ బిలిరుబిన్ డెసిలీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే అది మామూలు కామెర్లు కాదు, తల్లిపాల వల్ల వచ్చిన కామెర్లూ కాదు. బిడ్డను ఎండలో పడుకోబెట్టినా, నీలికాంతి కింద ఉంచినా ఈ రకం కామెర్లు తగ్గవు. పసరు పోయించడం, చెయ్యి కాల్పించడం వల్ల ప్రయోజనం లేకపోగా, విలువైన రోజులు పోతాయి, బిడ్డకు హాని కూడా జరగవచ్చు. తల్లిపాలు మాత్రం ఆపకూడదు.

ఫలితం ఎక్కువగా వస్తే పిల్లల కాలేయ నిపుణులో, పిల్లల శస్త్రచికిత్స నిపుణులో ఉన్న పెద్ద ఆస్పత్రికి వెంటనే వెళ్లాలి. అక్కడ ఇన్‌ఫెక్షన్లు, గెలాక్టోసీమియా (పాలలోని చక్కెరను ఒళ్లు వాడుకోలేని పుట్టు జబ్బు) వంటి ఇతర కారణాలను పరీక్షిస్తూనే, బిడ్డను కొన్ని గంటలు పాలు పట్టకుండా ఉంచి అల్ట్రాసౌండ్ తీస్తారు. అందులో పిత్తాశయం చిన్నదిగా ముడుచుకుపోయి ఉన్నా, అసలు కనబడకపోయినా అనుమానం బలపడుతుంది. పైత్యరస నాళం తిత్తిలా ఉబ్బే కోలెడోకల్ సిస్ట్ వంటి జబ్బు ఉంటే అదీ ఇందులో బయటపడుతుంది. అవసరాన్ని బట్టి పైత్యరసం పేగుకు చేరుతోందో లేదో చూపే హైడా స్కాన్ తీస్తారు, కాలేయం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. నాళాలలోకి రంగు మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే ఆపరేషన్ బల్ల మీద తుది నిర్ధారణ చేస్తుంది. ఒక్కొక్క పరీక్షకు వారం చొప్పున వాయిదా పడుతుంటే, బిడ్డకు ఎన్ని రోజులు నిండాయో గుర్తుచేసి త్వరపెట్టడానికి మొహమాటపడకండి. 42వ రోజున టీకాకు వెళ్లినప్పుడు అనుమానం వచ్చిందంటే 60వ రోజుకు 18 రోజులే మిగిలి ఉంటాయి.

పైత్యరసం పేగుకు చేరకపోతే విటమిన్ కె ఒంటబట్టదు, దానితో రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది. బొడ్డు దగ్గరో, ముక్కు నుంచో రక్తం కారినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడినా, బిడ్డ మగతగా ఉన్నా అది అత్యవసర పరిస్థితి, మెదడులో రక్తస్రావం కావచ్చు. విటమిన్ కె ఇంజెక్షన్ ఇచ్చారో లేదో మీరే అడిగి తెలుసుకోండి.

కసాయ్ శస్త్రచికిత్స

జపాన్ వైద్యుడు మోరియో కసాయ్ 1950లలో రూపొందించిన ఈ శస్త్రచికిత్సలో పూడిపోయిన నాళాలను, పిత్తాశయాన్ని తొలగించి, చిన్నపేగులో ఒక భాగాన్ని పైకి తెచ్చి నేరుగా కాలేయపు అంచుకు కలుపుతారు. అక్కడ మిగిలి ఉన్న సన్నటి నాళాల నుంచి పైత్యరసం పేగులోకి జారాలన్నది ఉద్దేశం. ఆపరేషన్ తరువాత మలం ఆకుపచ్చగానో, పసుపుగానో మారడం మంచి సూచన. అనుభవం ఉన్న కేంద్రాలలో, త్వరగా ఆపరేషన్ జరిగితే, సుమారు సగం మందిలో కామెర్లు పూర్తిగా తగ్గుతాయి.

ఖర్చు గురించి భయపడి ఆగిపోకుండా, ఆరోగ్యశ్రీ పరిధిలోకి వచ్చే ఆస్పత్రి ఏదో, ఏ పత్రాలు కావాలో ఆరోగ్యమిత్రను అడగండి. బిడ్డకు ఆధార్ ఇంకా లేదన్న కారణంతో ప్రయాణం వాయిదా వేయకండి.

ఇంటికి వచ్చిన తరువాత

ఆపరేషన్‌తో పని అయిపోదు. ఎ, డి, ఇ, కె విటమిన్లు, పైత్యరసం సాఫీగా పారడానికి ఇచ్చే ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం మందు వైద్యులు చెప్పిన మోతాదులో చాలాకాలం వేయాలి. బరువు పెరగకపోతే పాలకు అదనంగా ఏమి పట్టాలో వారే చెబుతారు. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా అంతకన్నా ఎక్కువ జ్వరం వచ్చినా, మలం మళ్లీ పాలిపోయినా, కళ్లు మళ్లీ పచ్చబడినా నాళాలలో ఇన్‌ఫెక్షన్ వచ్చి ఉండవచ్చు. ఇంట్లో జ్వరం మందు వేసి మరునాటి దాకా చూడకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకువెళ్లాలి. రక్తపు వాంతి, నల్లటి మలం, పొట్ట ఉబ్బడం కూడా అంతే తీవ్రమైన లక్షణాలు.

కసాయ్ ఫలించకపోతే, లేదా ఏళ్ల తరువాత కాలేయం దెబ్బతింటే, కాలేయ మార్పిడి చేస్తారు. తల్లి గాని తండ్రి గాని కాలేయంలో చిన్న భాగం ఇస్తే సరిపోతుంది. దాతకు మిగిలిన కాలేయం మళ్లీ పెరుగుతుంది. మన దేశంలో పిల్లలకు విజయవంతంగా జరిగిన మొదటి కాలేయ మార్పిడి 1998లో ఢిల్లీలో, ఈ జబ్బుతోనే పుట్టిన 20 నెలల తమిళ బాబుకు, తండ్రి ఇచ్చిన కాలేయ భాగంతో జరిగింది. మార్పిడి తరువాత మందులు జీవితాంతం వాడాలి, పైగా కొన్ని టీకాలు వేయడం కుదరదు. కాబట్టి మార్పిడి మాట వచ్చిన రోజే టీకాల కార్డు చూపించి, మీజిల్స్ వంటి టీకాలలో ఏవి ముందుగా వేయించుకోవాలో వైద్యులతో నిర్ణయించుకోండి.