ఫ్యాన్ ఆర్ట్ మీద అభిప్రాయం ఎలా చెప్పాలి? ఎలా వినాలి?

సినిమాలోనో కామిక్‌లోనో తనకిష్టమైన పాత్రను ఎవరో డిజిటల్‌గా గీసి, మీకు చూపించి, "ఎలా ఉంది?" అని అడిగారు. "సూపర్" అంటే సంతోషిస్తారు గానీ తర్వాతి బొమ్మకు ఆ మాట పనికిరాదు. "ఏదో తేడా కొడుతోంది" అంటే నొచ్చుకుంటారు, అదీ పనికిరాదు. ఎక్కడ, ఏమిటి, ఎందుకు అన్నవి లేనప్పుడు పొగడ్తయినా తెగడ్తయినా ఒకటే.

ఫ్యాన్ ఆర్ట్‌కు ఇంకో చిక్కు ఉంది. గీత ఒకరిది, పాత్ర ఇంకొకరిది. ఆ పాత్ర ఎలా ఉండాలో చూసేవాళ్ల మనసులో ముందే అచ్చుపడి ఉంటుంది. మామూలు బొమ్మ మీద రాని గొడవలు దీని మీద వచ్చేది అందుకే.

1. అడిగారో లేదో, ఏం అడిగారో చూసుకోండి

సరదాకి గీసి చూపించినవాళ్లందరూ సలహా కోరుతున్నట్టు కాదు. అడగకపోతే నచ్చిందేమిటో చెప్పి ఊరుకోండి. మరీ చెప్పాలనిపిస్తే "ఒక సలహా చెప్పనా?" అని ముందు అడగండి. అడిగినవాళ్లకు చెప్పేటప్పుడు బొమ్మ ఏ దశలో ఉందో కనుక్కోండి. రఫ్ స్కెచ్ అయితే భంగిమ, కొలతలు, కూర్పు గురించి మాట్లాడాలి, కనురెప్పల వెంట్రుకల గురించి కాదు. లైన్ ఆర్ట్, రంగులు, షేడింగ్ అన్నీ అయ్యాక "నిలబడ్డ తీరు మార్చండి" అంటే మొదటినుంచి మళ్లీ గీయమన్నట్టే. అలాంటిది కనిపిస్తే వచ్చే బొమ్మకు గుర్తుంచుకోమని చెప్పండి.

2. పోలికను, నిర్మాణాన్ని కలగలపకండి

నన్నడిగితే కిటుకంతా ఇక్కడే ఉంది. "ఇది ఆ పాత్రలా లేదు" అనేది పోలిక గురించిన మాట. "మెడ మరీ సన్నగా ఉంది, తల బరువు మోసేలా లేదు" అనేది నిర్మాణం గురించిన మాట. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలిపేస్తే గీసినవారికి ఏది దిద్దుకోవాలో తోచదు.

పోలిక గురించి మాట్లాడే ముందు, ఆ మార్పు కావాలని చేశారేమో అడగండి. పొడవాటి జుట్టున్న పాత్రను కురచ జుట్టుతో గీశారనుకుందాం. అది మరపు కావచ్చు, ఆ పాత్ర పదేళ్ల తర్వాత ఎలా ఉంటుందో అన్న ఊహ కూడా కావచ్చు. "జుట్టు తప్పు" అంటే వాదన మొదలవుతుంది. "జుట్టు కావాలనే కత్తిరించారా?" అంటే కబుర్లు మొదలవుతాయి.

శైలినీ పొరపాటునీ వేరుచేయడం కూడా ఇందులో భాగమే. పెద్దవాళ్ల శరీరం సుమారు 7.5 తలల ఎత్తు, అంటే తల పొడవుకు ఏడున్నర రెట్లు, ఉంటుందని బొమ్మల పాఠాల్లో చెబుతారు. వీరులను 8 తలల దాకా సాగదీస్తారు, పెద్ద తల, బుల్లి ఒళ్లు ఉండే చిబీ అనే జపాన్ శైలిలో 2, 3 తలలతోనే సరిపెడతారు. చిబీ బొమ్మను చూసి "తల పెద్దదైంది" అనే మనిషి చిబీకి కాదు, ఇంకేదో బొమ్మకు సలహా చెబుతున్నారు. నేను వాడే గుర్తు ఒకటుంది: శైలి బొమ్మంతా పరుచుకుని ఉంటుంది, పొరపాటు ఒకచోట మాత్రమే ఉంటుంది. కళ్లు రెండూ చెంపలదాకా పెద్దవిగా ఉంటే అది శైలి. నేరుగా మనవైపు చూస్తున్న ముఖంలో ఒక కన్ను రెండోదానికంటే పైకి ఉంటే అది బహుశా చేయి జారడమే.

నిజంగానే పాత్ర గుర్తుపట్టేలా లేకపోతే కారణం వెతకండి. చాలాసార్లు అది ముఖంలో ఉండదు, ఆకారంలో ఉంటుంది. బొమ్మ మొత్తాన్ని నల్లగా నింపి చూడండి. జుట్టు అంచు, దుస్తుల ఆకారం, చేతిలోని వస్తువు ఆ నీడలోనే పాత్రను పట్టిస్తున్నాయా? పట్టించకపోతే మీ సలహా దొరికినట్టే.

3. నోరు విప్పేముందు సరిగ్గా చూడండి

బొమ్మను అద్దంలో చూసినట్టు ఎడమ కుడి తిప్పండి. క్రీటాలో ఎం కీ నొక్కితే చాలు, మిగతా డ్రాయింగ్ యాప్‌లలోనూ ఇలాంటి సదుపాయం మామూలే. అలవాటుపడిన కన్నుకు దొరకని వంకర తిప్పగానే బయటపడుతుంది. తర్వాత రంగు తీసేసి చూడండి: అన్నిటికంటే పైన ఒక లేయర్ (బొమ్మ మీద పరిచే విడి పొర) పెట్టి, నలుపు నింపి, బ్లెండింగ్ మోడ్‌ను (ఆ పొర కిందివాటితో కలిసే తీరును) కలర్‌కు మారిస్తే బొమ్మ నలుపు తెలుపుల్లోకి వస్తుంది. ముఖమూ వెనకాల గోడా ఒకే బూడిదరంగులో కలిసిపోతే పాత్ర ఎందుకు తేలడం లేదో అర్థమవుతుంది. చివరగా గోరంత సైజుకు తగ్గించి చూడండి.

అన్నట్టు, మీ స్క్రీన్‌నూ ఓ కంట కనిపెట్టండి. ఒకసారి రాత్రిపూట ఒకరి బొమ్మ చూసి "చర్మం రంగు పసుపుకు తిరిగింది" అని పొడుగాటి సలహా రాశాను. తెల్లారి చూస్తే పసుపు నా ఫోన్ నైట్ మోడ్‌ది.

4. చోటు చెప్పండి, కారణం చెప్పండి, దారి చూపండి

"చేయి బాలేదు" అన్న మాటను ఇలా మార్చి చూడండి: "కుడి మోచేయి నడుము దాటి బాగా కిందికి వచ్చింది, అందుకే చేయి పొడవుగా అనిపిస్తోంది. భుజం నుంచి మోచేతి వరకు కాస్త కుదిస్తే ఎలా ఉంటుందో చూస్తారా?" అలాగే "షేడింగ్ మురికిగా ఉంది" అనే బదులు, "నీడలన్నిటికీ నలుపే వాడినట్టున్నారు, చర్మం మసిబారినట్టుంది. కింది రంగును ముదురు చేసే మల్టిప్లై లేయర్‌లో నలుపుకు బదులు ముదురు ఎరుపో ఊదానో వేసి చూడండి" అనొచ్చు. తప్పు బొమ్మదే గానీ మనిషిది కాదన్న సంగతి ఈ వాక్యాల్లో విడిగా చెప్పకుండానే తెలుస్తుంది.

ఒక విడతలో రెండు మూడు విషయాలు చాలు. పదిహేను చెబితే ఒక్కటీ చేయరు.

మెచ్చుకోలుకూ ఇదే పద్ధతి. ముందొక పొగడ్త, వెనకొక పొగడ్త, మధ్యలో విమర్శ పెట్టాలని కొందరు చెబుతారు. చేదు మాత్రకు బెల్లం పూసినట్టు ఉంటుందది, నాకు నచ్చదు. రెండోసారికే అవతలివాళ్లు బెల్లాన్ని నమ్మడం మానేస్తారు. "దీపం వెలుగు గడ్డం కింద పడటం వల్ల ఆమె భయపడుతున్నట్టు తెలిసింది" లాంటి మాట చెప్పండి. ఏది చెడగొట్టుకోకూడదో వాళ్లకు తెలుస్తుంది.

5. బొమ్మ మీద గీసి చూపాలంటే అనుమతి అడగండి

పది వాక్యాలు చెప్పలేనిది ఒక ఎర్రగీత చెబుతుంది. అయినా అది ఇంకొకరి బొమ్మ. ఒప్పుకుంటేనే, అసలు బొమ్మ ఉన్న లేయర్‌ను మసకబరిచి, పైన కొత్త లేయర్‌లో ఒకే రంగుతో గీయండి. మీ శైలిలో ముఖం మార్చేయకండి, ఎముకలు ఎటు తిరిగాయో చూపితే చాలు. దాన్ని వాళ్లకే పంపండి, మరెక్కడా పెట్టకండి.

6. మీరు అడిగేవారైతే

"ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అనే వస్తుంది, ఎవరినీ తప్పుపట్టలేం. "కోపంగా ఉన్నాడని తెలుస్తోందా? ఎడమచేయి వెనక్కి ఉన్నట్టు అనిపిస్తోందా?" అని అడగండి. చూసి గీసిన రెఫరెన్స్‌ను పక్కనే పెట్టండి. కావాలని మార్చినవి ముందే చెప్పేయండి. వారం రోజులు కష్టపడి పూర్తిచేశాక అడిగే బదులు స్కెచ్ దశలోనే అడిగితే సలహా వినడం కూడా సులువు.

7. సలహా వచ్చాక

వెంటనే జవాబివ్వకండి. మొదట వచ్చేది సంజాయిషీ. "టైం లేక అలా గీశాను" అన్న మాట బొమ్మ పక్కన ఎప్పుడూ నిలబడి ఉండలేదు. "నా శైలి అంతే" అనేది ఇంకా ప్రమాదకరమైనది. నిజమైన శైలిని కాపాడుతుంది, చేతులు గీయడం రాని సంగతినీ దాచేస్తుంది. శైలినీ పొరపాటునీ వేరుచేయడానికి పైన చెప్పిన గుర్తునే మీ బొమ్మకు వాడి చూసుకోండి.

అర్థం కాకపోతే అడగండి: "బిగుసుకుపోయినట్టు ఉందంటున్నారు, భుజాల దగ్గరా, నడుము దగ్గరా?" ముగ్గురు ఒకేచోట వేలుపెట్టి మూడు రకాల మందులు చెప్పారనుకోండి. మందులు మూడూ తప్పే కావచ్చు గానీ జబ్బు మాత్రం ఆ చుట్టుపక్కలే ఉంది. ముఖం బాలేదని అందరూ అంటున్నా అసలు వంకర మెడలో ఉండొచ్చు.

ప్రతి సలహానూ పాటించనక్కర్లేదు. "ధన్యవాదాలు, దీన్ని ఇలాగే ఉంచుతున్నాను" అనడం మర్యాదే. బొమ్మను వదిలి మీ మీదికి వచ్చేవాళ్లకు ఆ జవాబు కూడా అక్కర్లేదు.

పాటించాలనుకున్నదాన్ని ఫైలు కాపీ తీసుకుని, దాంట్లో చేసి చూడండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి సలహా చెప్పినవారికి చూపండి. తమ సలహా పనిచేసిందో లేదో చాలామందికి ఎప్పటికీ తెలియదు. ఒక్కోసారి పాతదే బాగుందని వాళ్లే ఒప్పుకుంటారు.