కాపలా రాత్రులు – 3వ పాఠం: పరుగెత్తుకొచ్చే ఫాక్సీ

ముందుగా కిందటి పాఠం చివర ఇచ్చిన లెక్క, అంటే ఒక రాత్రిలో తలుపు, లైటు, కెమెరా ఎన్ని సెకన్లు వాడుకోవచ్చన్నది, సరిచూసుకుందాం. పిజ్జా హోటల్లో రాత్రి కాపలాదారుగా కూర్చుని, మీదికొచ్చే జంతువుల మరబొమ్మలను పరిమితమైన విద్యుత్తుతో ఆపే ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’ మొదటి ఆటను కంప్యూటర్‌లో ఆడితే, అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 6 దాకా సాగే ఒక కాపలా రాత్రి నిజానికి 535 సెకన్లు. తొమ్మిది నిమిషాలకు కాస్త తక్కువ. తెర అడుగున వాడకం ఒకే ఒక్క గీత దగ్గర ఉంటే, పది సెకన్లకు దాదాపు 1 శాతం విద్యుత్తు ఖర్చవుతుంది. అంటే తలుపు ముట్టుకోకుండా, లైటు వేయకుండా, కెమెరా (మిగతా గదులను చూపే పలక) ఎత్తకుండా కూర్చున్నా తెల్లవారేసరికి సగానికి పైగా అయిపోతుంది. మీకు మిగిలేది సుమారు 45 శాతం. తలుపు, లైటు, కెమెరా, వీటిలో ఏది వాడినా ఇంకో గీత వెలిగి, సెకనుకు మరో 0.1 శాతం లాగుతుంది. కాబట్టి రాత్రి మొత్తానికి మీకున్నది 450 సెకన్ల వాడకం. రెండో రాత్రి నుంచి ఇందులోంచి కూడా కొంత తనంతట తానే తరిగిపోతుంది, రాత్రులు గడిచేకొద్దీ ఆ కోత పెరుగుతుంది. ప్రస్తుతానికి 450 అన్న అంకెను కాగితం మీద పెద్దగా రాసి పెట్టుకోండి. ఈ పాఠంలో అడుగడుగునా అది అవసరమవుతుంది.

ఇక ఫాక్సీ. 2014 ఆగస్టులో స్కాట్ కాథన్ విడుదల చేసిన ఈ ఆటలో కుందేలు బానీ, కోడిపెట్ట చికా, ఎలుగుబంటి ఫ్రెడ్డీ ముగ్గురూ ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నెమ్మదిగా దగ్గరవుతారు. సముద్రపు దొంగ వేషం వేసిన ఈ నక్క మాత్రం ‘పైరేట్ కోవ్’ అనే మూలలో తెర వెనక దాక్కుని, ఒక్కసారిగా ఎడమ నడవాలోంచి పరుగెత్తుకొచ్చి మీద పడుతుంది. ఆదివారాల్లో మా చిక్కడపల్లి ఇంటికి ఈ ఆట నేర్చుకోవడానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోతారు. ‘ఇదంతా అదృష్టం’ అని చేతులెత్తేస్తారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ఈ ఆటలో ఇంత శుభ్రంగా, ఇంత నిజాయితీగా నడిచే శత్రువు మరొకడు లేడు. ఫాక్సీకి ఒక నియమం ఉంది, దాన్ని ఎన్నడూ తప్పడు. ఆ నియమం తెలియనివాళ్లు వేళ్ల వేగం పెంచుకోవాలని చూస్తారు. పరుగు మొదలయ్యాక అందుకోవడం గురించి కాకుండా, పరుగే మొదలవకుండా చూడడం గురించి ఆలోచించండి.

ఆట కోడ్‌ను విప్పి చూసిన ఆటగాళ్లు ఆ నియమాన్ని ఎప్పుడో బయటపెట్టారు. ప్రతి 5.01 సెకన్లకు ఒకసారి ఆట 1 నుంచి 20 లోపు ఒక అంకె వేస్తుంది. ఆ అంకె ఫాక్సీ స్థాయికి, అంటే ఆ రాత్రి అతను ఎంత చురుగ్గా ఉంటాడో చెప్పే అంకెకు, సమానంగానో తక్కువగానో వస్తే అతను ఒక మెట్టు ముందుకు జరుగుతాడు. తెర మూసి ఉండడం మొదటి మెట్టు. తెర సందులోంచి తొంగి చూడడం రెండోది. తెర దాటి బయట నిలబడడం మూడోది. నాలుగో మెట్టులో తెర తెరిచి ఉంటుంది, వెనక ఎవరూ ఉండరు. అంటే మూడుసార్లు అంకె కలిసొస్తే చాలు.

స్థాయి రెండో రాత్రి 1తో మొదలవుతుంది. మూడో రాత్రి 2, నాలుగో రాత్రి 6, అయిదో రాత్రి 5, ఆరో రాత్రి ఏకంగా 16. రాత్రి మూడింటికీ నాలుగింటికీ ఒక్కొక్కటి చొప్పున పెరుగుతుంది కూడా. నాలుగో రాత్రి అంకె అయిదో రాత్రి కంటే ఎక్కువగా ఉండడం గమనించండి. మూడు రాత్రులు హాయిగా గడిపి నాలుగో రాత్రి హఠాత్తుగా ఓడిపోయేవాళ్లు తమ ఆట చెడిపోయిందని అనుకుంటారు. చెడిపోలేదు, ఫాక్సీ మూడింతలు చురుకయ్యాడు. మీరు అతన్ని పూర్తిగా వదిలేస్తే, స్థాయి 5 దగ్గర సగటున ఒక నిమిషానికి తెర ఖాళీ అవుతుంది. స్థాయి 16 దగ్గర అందుకు 20 సెకన్లు కూడా పట్టదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు కెమెరా ఎత్తి ఉన్నంతసేపు ఫాక్సీ కదలలేడు. ఏ కెమెరా అయినా సరే. పైరేట్ కోవ్‌నే చూస్తూ ఉండాలన్నది చాలాకాలంగా తిరుగుతున్న అపోహ. కోవ్‌ను చూసేది అతను ఏ మెట్టు మీద ఉన్నాడో తెలుసుకోవడానికి మాత్రమే. కెమెరా దించాక కూడా కొంతసేపు అతని కాళ్లకు తాళం పడి ఉంటుంది. ఆ వ్యవధిని ప్రతిసారీ ఆట కొత్తగా ఎంచుకుంటుంది. అది 0.83 సెకన్ల నుంచి 16.67 సెకన్ల దాకా ఎంతైనా కావచ్చు. సగటున తొమ్మిది సెకన్ల దగ్గర ఉంటుంది.

దీన్ని రెండుసార్లు చదవండి. మీరు కెమెరాను అర సెకను ఎత్తి దించినా, పది సెకన్లు ఎత్తి దించినా, దించాక పడే తాళం ఒకటే. అందుకే ఎంతసేపు చూశారన్నది కాదు, ఎన్నిసార్లు చూశారన్నదే లెక్క. స్టవ్ మీద పాలు పెట్టిన ఇల్లాలు అక్కడే నిలబడి గుడ్లప్పగించి చూడదు. కూర తరుగుతూ, పిల్లవాడి చేతిలో పెన్సిల్ పెడుతూ, మధ్యమధ్యలో ఒక చూపు పారేస్తుంది. ఫాక్సీకి కావలసింది ఆ చూపే.

దీని విలువ మా అక్క కూతురి ఆటలో స్పష్టంగా కనిపించింది. ఇంటర్ చదువుతోంది, చాలా పట్టుదల ఉన్న పిల్ల. నక్క భయంతో కెమెరా ఎత్తి, కోవ్ మీద కళ్లు నిలిపి, దించకుండా కూర్చుంది. తెర ఇసుమంత కూడా కదలలేదు. ధీమాగా కెమెరా దించగానే బానీ మీదపడ్డాడు. ‘మామయ్యా, నక్క కదలనే లేదు కదా! మరి ఈ కుందేలు ఎప్పుడొచ్చింది?’ అని అడిగింది. మంచి ప్రశ్న. కెమెరా ఆపేది ఫాక్సీని, ఫ్రెడ్డీని మాత్రమే. బానీ, చికా దాన్ని ఖాతరు చేయరు. వాళ్లు తలుపు దాటి లోపలికి వచ్చేస్తే ఆ వైపు తలుపు, లైటు మీటలు పనిచేయడం మానేస్తాయి. ఆ తర్వాత కెమెరా దించడమే తరువాయి. ఒకవేళ బానీ రాకపోయినా ఆ అమ్మాయి గెలిచేది కాదు. 535 సెకన్లు కెమెరా ఎత్తి ఉంచితే 53 శాతానికి పైగా ఖర్చు. ఆమె దగ్గరున్నది 45.

అందుకని లయ నేర్చుకోవాలి. ఆరు సెకన్లకు ఒక చూపు. ఎడమ లైటు వేసి బానీ లేడని చూసుకోవడం, కుడి లైటు వేసి చికా లేదని చూసుకోవడం, కెమెరా ఎత్తి దించడం, ఇవన్నీ ఆ ఆరు సెకన్లలో అయిపోవాలి. ఈ వేగంతో ఆడితే మూడింట రెండు వంతుల సార్లు మీ తర్వాతి చూపు దాకా తాళం నిలిచే ఉంటుంది. మిగిలిన ఒక వంతులో కూడా ఆట అంకె వేసే క్షణం కలిసి రావాలి, అంకె కలిసి రావాలి. ఖర్చు చూడండి. రాత్రంతా కలిపి సుమారు 90 చూపులు. ఒక్కోదానికి ఒక సెకను వేసుకున్నా 450లో 90. మిగిలిన 360 తలుపులకు, లైట్లకు.

ఈ లయ ఆటలో కూర్చున్నాక రాదు. భయం ఉన్నప్పుడు మనిషి తెలియకుండానే వేగంగా లెక్కపెడతాడు, ఆరు సెకన్లు మూడైపోతాయి, విద్యుత్తు నాలుగింటికే ఖాళీ. అందుకే ముందు ఆట తెరవకుండా, ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని చేత్తో బల్ల మీద తట్టండి. సంగీతం నేర్చుకున్నవాళ్లయితే రూపక తాళం వేయండి, అక్షరానికి ఒక సెకను. ఆరో అక్షరం ముగిసి మళ్లీ సమం పడేటప్పుడు కెమెరా. కర్ణాటక సంగీతం నేర్చుకునే ఒక విద్యార్థిని ఈ పద్ధతిలో ఒక్క మధ్యాహ్నంలోనే కుదురుకోవడం చూశాను. అప్పటి నుంచి అందరికీ ఇదే చెబుతున్నాను.

ఎంత జాగ్రత్తగా ఉన్నా ఎప్పుడో ఒకసారి తెర ఖాళీగా కనిపిస్తుంది. ఆ క్షణంలో చేసే పొరపాటు దాదాపు అందరిదీ ఒకటే. ‘ఎక్కడున్నాడు?’ అని ఎడమ నడవా కెమెరా, అంటే 2ఎ, తెరుస్తారు. తెరవకండి. కోవ్ వదిలిన ఫాక్సీ వెంటనే పరుగెత్తడు, మీకు 25 సెకన్ల దాకా గడువు ఇస్తాడు. కానీ మీరు 2ఎ చూసిన మరుక్షణం ఆ గడువు రద్దవుతుంది. కెమెరాలో పరుగు కనిపిస్తుంది, కెమెరా దించి తలుపు వేయడానికి ఒకటి రెండు సెకన్లే మిగులుతాయి. కొత్తవాళ్ల చేతులు అప్పుడు తలుపు మీటకు బదులు లైటు మీట మీద పడతాయి. ఎడమ గోడ మీద పైది తలుపు, కిందది లైటు. నడవా లైటు వేసి ఫాక్సీ వచ్చాడో లేదో చూద్దామనుకోవడం కూడా వృథా. గుమ్మం దగ్గర నిలబడే అలవాటు బానీది, ఫాక్సీది కాదు.

సరైన క్రమం ఇది. తెర ఖాళీ. కెమెరా దించు. ఎడమ తలుపు వెయ్యి. ఇప్పుడు, తలుపు పడ్డాకే, కెమెరా ఎత్తి 2ఎ చూడు. ఇందాక ప్రాణం తీసిన ఆ చూపే ఇప్పుడు మీ పనిముట్టు. అతను అప్పటికప్పుడు పరుగెత్తుకొచ్చి మూసిన తలుపును బాది వెనక్కి వెళ్లిపోతాడు. బాదిన చప్పుడు వినగానే లైటు వేసి బానీ లేడని చూసి తలుపు తెరిచేయండి. ఇలా చేయకపోతే అతను ఎప్పుడొస్తాడోనని 25 సెకన్లు తలుపు మూసి కూర్చోవాలి. 450లో 25 చిన్న మొత్తం కాదు.

బాదుడికి రుసుము కూడా ఉంది. మొదటిసారి 1 శాతం, రెండోసారి 6, మూడోసారి 11, ఇలా ప్రతిసారి అయిదు పెరుగుతూ పోతుంది. మూడుసార్లు తప్పించుకున్నారంటే 18 శాతం, అంటే మీ 450లోంచి 180 సెకన్లు పోయాయన్నమాట. ‘తలుపు వేయడం వచ్చు కదా, రానీ’ అనే ధీమా ఇక్కడే దెబ్బతింటుంది. మొదటి బాదుడును ఒక హెచ్చరికగా తీసుకోండి. రెండోది వచ్చిందంటే మీ లయ జారిందని అర్థం. మూడోదాని తర్వాత ఆ రాత్రిని ఆపేసి మొదటి నుంచి మొదలుపెట్టినా తప్పులేదు.

చప్పుడు గురించి ఒక్క మాట. అమీర్‌పేట హాస్టళ్లలో ఉంటూ కోచింగ్‌కు వెళ్లే పిల్లలు గదిలో మిగతావాళ్ల నిద్ర చెడకూడదని శబ్దం పూర్తిగా తీసేసి ఆడతారు. వాళ్ల మర్యాద నాకు నచ్చుతుంది, కానీ శబ్దం లేకుండా ఈ ఆట సగమే. నడవాలో పరుగు చప్పుడు, తలుపు మీద బాదుడు రెండూ చెవికే అందుతాయి. ఆటలో కాపలా గదిలోని ఫ్యాను హోరు సరిపోదన్నట్టు, వేసవిలో మన గదుల్లో పైన ఫ్యాను, కిటికీలో కూలర్ కూడా ఉంటాయి. చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్స్ తీసుకోండి. కోఠి గుజరాతీ గల్లీలో చవకవి దొరుకుతాయి. కొనేముందు రెండు చెవుల్లోనూ శబ్దం వస్తోందో లేదో అక్కడే పెట్టుకుని చూడండి. ఎడమ ఏదో కుడి ఏదో తెలియకపోతే వచ్చే పాఠం కష్టమవుతుంది.

ఆరో రాత్రి సంగతి విడిగా రాయాల్సినంత ఉంది, అది తర్వాత. ఇప్పటికి ఇంతే చెబుతాను: అక్కడ ఆరు సెకన్ల లయ సరిపోదు, నాలుగుకు తగ్గించాలి. అలా పెరిగిన ఖర్చును ఎక్కడి నుంచి తెచ్చుకోవాలో ఫ్రెడ్డీ పాఠంలో చూద్దాం.

ఈ వారం అభ్యాసం. రెండో రాత్రి తెరిచి, ఆరు సెకన్ల లయతో ఆడండి. గెలుపోటములు పట్టించుకోవద్దు. కోవ్ చూసినప్పుడల్లా అతను ఏ మెట్టు మీద ఉన్నాడో కాగితం మీద 1, 2, 3 అని వేయండి. రాత్రి ముగిశాక ఆ వరుస చూస్తే, మీ చూపుల మధ్య ఎడం ఎక్కడ పెరిగిందో అంకెలు మారిన చోట దొరుకుతుంది. అది సరిదిద్దుకున్నాక నాలుగో రాత్రికి వెళ్లండి. నాలుగో రాత్రిలో ఒకటికి మించి బాదుడు వినబడకుండా తెల్లవారే దాకా నిలబడగలిగితేనే అయిదో రాత్రి తెరవండి. తలుపు వేశాక 2ఎ చూసి అతన్ని రప్పించే పద్ధతిని కూడా ఒకసారి కావాలనే సాధన చేయండి. మూడో రాత్రి కెమెరా ఎత్తకుండా, లైట్లు చూసుకుంటూ, ఇరవై సెకన్లకోసారి మాత్రం కోవ్ చూస్తూ ఆడితే ఎప్పుడో ఒకప్పుడు తెర ఖాళీగా దొరుకుతుంది. అప్పుడు కెమెరా దించు, తలుపు వెయ్యి, 2ఎ చూడు, బాదుడు విను, లైటు వెయ్యి, తలుపు తెరువు. ఆరు పనులూ ఆలోచించకుండా చేతికి వచ్చేదాకా చేయండి.

నాలుగో పాఠంలో చికా. ఆమె దూరే వంటగదిలో కెమెరా బొమ్మ చూపదు, గిన్నెల చప్పుడు మాత్రమే వినిపిస్తుంది.