"దేవుడు మంచోడైతే ఇదెందుకు జరగనిచ్చాడు" అని ఎవరైనా అడిగితే ఏం చెయ్యాలి

ముందు జవాబు చెప్పకండి, అడిగేది ఎవరో చూడండి. చదివి ఆలోచించి డౌట్ వచ్చి అడిగే మనిషి వేరు, మొన్ననే బిడ్డని పోగొట్టుకుని అడిగే మనిషి వేరు. మాటలు మాత్రం ఇద్దరివీ ఒకటే, అందుకే ఇక్కడ పప్పులో కాలేస్తాం.

నేనూ వేశాను. నా ఫ్రెండ్ కొడుకు నాలుగేళ్ళవాడు, కేన్సర్ తో పోయాడు, ఆస్పత్రి వరండాలో కూర్చుని తను "వాడేం పాపం చేశాడు రా" అంది, నేను దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడనీ ఆయన ప్లాన్ మనకి అర్థం కాదనీ పది నిమిషాలు చెప్పాను. తను ఏం అనలేదు. చేతిలో వాడి చెప్పు ఒకటుంది, దాని వెల్క్రో పట్టీ పీకుతూ అంటిస్తూ, మళ్ళీ పీకుతూ అంటిస్తూ కూర్చుంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కాబట్టి దెబ్బ తగిలిన మనిషైతే పక్కన కూర్చోండి, అంతే. బైబిల్లో యోబు కథ చూడండి, పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న మంచి మనిషి, అతని స్నేహితులు వచ్చి ఏడు రాత్రులూ ఏడు పగళ్ళూ నోరెత్తకుండా నేల మీద కూర్చున్నారు, వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే, ఆ తర్వాత నోరు తెరిచి నువ్వేదో తప్పు చేసుంటావ్ అని మొదలెట్టారు. చివర్లో దేవుడికి కోపం వచ్చింది వాళ్ళ మీద, తనని నిలదీసిన యోబు సరిగ్గానే మాట్లాడాడని అన్నాడు. అందుకే ఎవరైనా దేవుణ్ణి తిడుతుంటే "అలా అనకూడదు" అని ఆపకండి. "అంతా మన మంచికే", "మంచివాళ్ళని దేవుడు తొందరగా తీసుకెళ్తాడు", "పూర్వజన్మ కర్మ", ఈ మూడూ అస్సలు వద్దు. ఎందుకు జరిగిందో నాకు తెలీదు అనండి, అది నిజం కూడా.

ఇక నిజంగా డౌటే అయితే కూర్చుని మాట్లాడొచ్చు, కానీ ముందు ఏ ప్రశ్నో తేల్చుకోండి, ఎందుకంటే ఇందులో రెండున్నాయి. ఒకటి, సర్వశక్తిమంతుడూ మంచివాడూ అయిన దేవుడు ఉంటే చెడు ఉండటమే అసాధ్యం అనేది, 1955లో మాకీ అనే ఫిలాసఫర్ గట్టిగా పెట్టిన వాదన ఇది. దీనికి ప్లాంటింగా అనే ఇంకో ఫిలాసఫర్ చెప్పిన జవాబు ఏంటంటే, మనుషులకి నిజమైన స్వేచ్ఛ ఇచ్చాక వాళ్ళు ఎప్పుడూ మంచే చేసేలా చూడటం దేవుడికైనా కుదరకపోవచ్చు కదా అని. అసాధ్యం అన్న మాటకి ఇది సరిపోతుందని దేవుణ్ణి నమ్మనివాళ్ళలో కూడా చాలామంది ఒప్పుకున్నారు.

రెండోది కష్టం, అసాధ్యం కాకపోయినా, ఏ ప్రయోజనమూ కనబడని ఇన్ని బాధలు చూస్తూ అలాంటి దేవుడు ఉన్నాడని ఎలా నమ్మాలి అనేది. 1979లో విలియం రో అనే ఫిలాసఫర్ ఒక ఉదాహరణ ఇచ్చాడు, అడవిలో పిడుగు పడి మంటలంటుకుని ఒక జింకపిల్ల ఒళ్ళంతా కాలి, రోజుల తరబడి కొట్టుకుని చచ్చిపోతుంది, చూసినవాడు ఎవడూ లేడు. ఇందులో ఎవరి స్వేచ్ఛ ఉంది, ఎవరు ఏం నేర్చుకున్నారు? దీనికి మొదటిదాని జవాబు అప్పజెప్పకండి, అవతలివాళ్ళకి వెంటనే తెలిసిపోతుంది. మనకి కారణం కనబడనంత మాత్రాన కారణం లేనట్టు కాదు అనొచ్చు, అది బలమైన మాటే, కానీ అన్నీ అలా మన బుర్రకి అందవంటే దేవుడు మంచివాడన్న సంగతి మాత్రం ఎలా అందిందీ అని అడుగుతారు, దానికి రెడీగా ఉండండి.

కష్టాలే మనిషిని తీర్చిదిద్దుతాయనే వాదన కొంతవరకు పనిచేస్తుంది, నాలుగేళ్ళ పిల్లాడి దగ్గర ఆగిపోతుంది. కర్మ జవాబు పాతదీ, పద్ధతిగా ఉన్నదీ. వేదాంతానికి మూలగ్రంథమైన బ్రహ్మసూత్రాల్లో 2-1-34లో ఈ ప్రశ్నే ఉంది, దేవుడికి పక్షపాతం, దయలేనితనం ఉన్నాయా అని. దానికి భాష్యం రాస్తూ ఆదిశంకరులు వాన పోలిక తెచ్చారు, వాన అందరికీ ఒకటే, వరి మొలిచినా యవలు మొలిచినా తేడా విత్తనంలో ఉంది అని. ఆలోచనగా బాగుంటుంది, కానీ ఏడుస్తున్న తల్లికి చెప్తే నీ బిడ్డదే తప్పు అన్నట్టు వినిపిస్తుంది.

నా పద్ధతి ఒకటే, ఏ జవాబైనా ఆ వరండాలో, ఆ వెల్క్రో చప్పుడు వింటూ చెప్పగలనా అని చూసుకుంటాను. చెప్పలేనిదైతే తప్పని కాదు, దాన్ని క్లాస్‌రూమ్ దాటనివ్వను. నేను ఇప్పటికీ దేవుణ్ణి నమ్ముతాను, రోజూ ప్రార్థన చేస్తాను, ఆ పిల్లాడి గురించి రోజూ అడుగుతాను.

ఇంకోటి, పోయినవాళ్ళ పుట్టినరోజు ఫోన్లో రాసిపెట్టుకోండి, ఆ రోజు కాల్ చెయ్యండి, పేరు పెట్టి మాట్లాడండి. పోయినేడు నేను చేశాను, దేవుడి ఊసే ఎత్తలేదు, వాడు ఆ చెప్పులు నిద్రలో కూడా విప్పనిచ్చేవాడు కాదంటూ తను నలభై నిమిషాలు మాట్లాడింది.