గ్రాఫిక్స్ చిప్ డై వైశాల్యాన్ని కొలిచి, లెక్కగట్టడం ఎలా?

విజయవాడ గవర్నర్‌పేటలో గానీ గుంటూరు అరండల్‌పేటలో గానీ గ్రాఫిక్స్ కార్డు బేరమాడేవారు ముందుగా అడిగేది అందులో ఎన్ని జీబీల మెమరీ ఉందని. కార్డు మధ్యలో ఉండే సిలికాన్ ముక్క, అంటే డై, ఎన్ని చదరపు మిల్లీమీటర్లు ఉందని అడిగేవారు అరుదు. కార్డు ధర ఎందుకంత ఉందో, అది ఎంత కరెంటు లాగుతుందో, ఒకే పేరుతో రెండు మూడు రకాలు ఎందుకు వచ్చాయో చాలావరకు ఆ వైశాల్యమే చెబుతుంది. వీఎల్‌ఎస్‌ఐ (చిప్‌ల రూపకల్పన) పాఠాలు అప్పుడే మొదలుపెట్టిన విద్యార్థి సైతం ఒక సైంటిఫిక్ క్యాలిక్యులేటరుతో ఈ లెక్కను సొంతంగా వేసుకోవచ్చు.

ముందుగా పనిచేయని కార్డు ఒకటి సంపాదించండి. చిప్ లెవెల్ సర్వీసు చేసే దుకాణంలో అడిగితే జీటీఎక్స్ 1060 వంటి పాత కార్డు దొరకవచ్చు. హీట్‌సింకు స్క్రూలు విప్పి, ఎండిపోయిన థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాలుతో తడిపిన మెత్తని గుడ్డతో తుడిస్తే, అద్దంలా మెరిసే దీర్ఘచతురస్రం బయటపడుతుంది. కార్డును వెలుగుకు కాస్త వాలుగా పట్టుకోండి; లేజరుతో చెక్కిన అక్షరాలు కనిపిస్తాయి. సాధారణంగా 6 జీబీ కార్డు మీద జీపీ106-400 అనీ, 3 జీబీ కార్డు మీద జీపీ106-300 అనీ ఉంటుంది. చుట్టూ ఉన్న సబ్‌స్ట్రేటును (డైని అతికించిన ఆధార పలకను) వదిలేసి, ఆ మెరిసే భాగం పొడవు వెడల్పులను మాత్రమే వెర్నియర్ కాలిపర్‌తో కొలిచి గుణించండి. సుమారు 200 చదరపు మిల్లీమీటర్లు వస్తుంది. డై అంచులు పెళుసుగా ఉంటాయి కాబట్టి కాలిపర్‌ను బిగించవద్దు.

తర్వాత ఒక వేఫరులో, అంటే డైలను ముద్రించే గుండ్రని సిలికాన్ పలకలో, అలాంటి డైలు ఎన్ని పడతాయో చూడాలి. గ్రాఫిక్స్ చిప్‌లు తయారయ్యే వేఫరు వ్యాసం 300 మిల్లీమీటర్లు, వైశాల్యం సుమారు 70,686 చదరపు మిల్లీమీటర్లు. దీన్ని డై వైశాల్యంతో భాగించి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే గుండ్రని పళ్లెంలో పోసిన మైసూర్‌పాకును చతురస్రాలుగా కోసినప్పుడు అంచున సగం సగం ముక్కలు మిగిలినట్టే ఇక్కడా మిగులుతాయి, ముక్క పెద్దదయ్యేకొద్దీ ఆ నష్టం పెరుగుతుంది. ఈ నష్టాన్ని అంచనా వేయడానికి, డై వైశాల్యాన్ని రెట్టింపు చేసి వర్గమూలం కట్టి, వేఫరు చుట్టుకొలత అయిన 942.5ను దానితో భాగించి, వచ్చిన సంఖ్యను మొదటి భాగఫలం నుంచి తీసివేయాలి. మనం కొలిచిన 200 చదరపు మిల్లీమీటర్ల డైకి 353 నుంచి 47 పోగా 306 మిగులుతాయి. ఇదే పద్ధతిలో 150 చదరపు మిల్లీమీటర్ల డైలు 416, 600 చదరపు మిల్లీమీటర్ల డైలు 90 వస్తాయి.

అసలు దెబ్బ దిగుబడి దగ్గర, అంటే తయారైన డైలలో బాగున్నవాటి వాటా దగ్గర తగులుతుంది. వేఫరు మీద దోషాలు అక్కడక్కడా పడతాయి. ఒక్క ధూళి కణం చాలు, అది పడిన డై పాడవుతుంది. చదరపు సెంటీమీటరుకు 0.1 దోషం ఉందని అనుకుందాం. ఇది లెక్క కోసం తీసుకున్న అంకె మాత్రమే, ఏ ఫ్యాక్టరీదీ కాదు. డై వైశాల్యాన్ని చదరపు సెంటీమీటర్లలోకి మార్చి, ఈ సాంద్రతతో గుణించి, వచ్చినదాన్ని రుణ ఘాతంగా 2.718 మీద వేస్తే దోషం లేని డైల వాటా వస్తుంది. గణాంకశాస్త్రంలో చదువుకున్న పాయిజాన్ సూత్రమే ఇది. 150 చదరపు మిల్లీమీటర్ల చిన్న డైలలో 86 శాతం, అంటే 358 బాగుంటాయి. 600 చదరపు మిల్లీమీటర్ల పెద్ద డైలలో 55 శాతం, అంటే 49 మాత్రమే బాగుంటాయి. వైశాల్యం నాలుగు రెట్లే అయినా, మంచి డై ఒక్కింటికి పడే వేఫరు ఖర్చు ఏడు రెట్లు దాటింది. దోషాల సాంద్రతను 0.2కు పెంచి మళ్లీ లెక్కవేస్తే తేడా పదకొండు రెట్లు దాటుతుంది. కొత్త ప్రాసెసు (చిప్ తయారీ పద్ధతి) మీదికి ముందుగా చిన్న మొబైల్ చిప్‌లు రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అయితే పెద్ద డైలలో మిగిలిన 45 శాతమంతా చెత్తబుట్టలోకి పోదు. గ్రాఫిక్స్ చిప్‌లో ఒకే రకం గణన విభాగాలు వరసగా ఉంటాయి కాబట్టి, చెడిన విభాగాన్ని ఆపేసి మిగతా చిప్‌ను అమ్ముకోవచ్చు. జీపీ106లో అలాంటివి 10 ఉంటే, 6 జీబీ కార్డులో పదీ పనిచేస్తాయి, 3 జీబీ కార్డులో తొమ్మిదే. ఆర్‌టీఎక్స్ 4090లోని ఏడీ102 వైశాల్యం సుమారు 608 చదరపు మిల్లీమీటర్లు. అందులోని 144 విభాగాల్లో 128 మాత్రమే తెరిచి ఉంటాయి. ఆపేసిన విభాగాలున్న చిప్‌ను నాసిరకమనడం సరికాదు, పెద్ద డైని అమ్మగలిగే ధరకు తేవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. రెండు 1060లకూ మెమరీ తప్ప వేరే తేడా లేదనిపించేలా ఒకే పేరు పెట్టడం మాత్రం, నా దృష్టిలో, కొనేవారికి న్యాయం కాదు.

డిజైనరు డైని పెంచుకుంటూ పోవడానికి ఒక పైహద్దు కూడా ఉంది. వేఫరు మీద వెలుగుతో సర్క్యూట్లను ముద్రించే లితోగ్రఫీ యంత్రం ఒక్క ఎక్స్‌పోజరులో ముద్రించగల క్షేత్రం 26 మిల్లీమీటర్ల వెడల్పు, 33 మిల్లీమీటర్ల పొడవు, అంటే 858 చదరపు మిల్లీమీటర్లు. ఎన్విడియా 2017లో తెచ్చిన జీవీ100 ఏకంగా 815 చదరపు మిల్లీమీటర్లకు చేరింది. అంతకు మించి కావాలంటే డైని విడగొట్టాల్సిందే. ఎన్విడియాదే అయిన బీ200 చిప్‌లో రెండు పెద్ద డైలను జోడించి, మొత్తం 20,800 కోట్ల ట్రాన్సిస్టర్లను సమకూర్చారు. ఏఎండీ తన నావీ 31 చిప్‌లో మరో దారి తొక్కింది: గణన భాగాన్ని సుమారు 304 చదరపు మిల్లీమీటర్ల 5 నానోమీటర్ ప్రాసెసు డైలో ఉంచి, క్యాష్‌ను (చిప్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీని), మెమరీ ఇంటర్‌ఫేసులను ఆరు చిన్న 6 నానోమీటర్ ప్రాసెసు డైలలోకి తరలించింది. కొత్త ప్రాసెసులో గణన సర్క్యూట్లు కుంచించుకుపోయినంతగా ఇవి కుంచించుకుపోవు, కాబట్టి ఖరీదైన సిలికాన్‌ను వీటికి వెచ్చించడం దండగ. డైల మధ్య డేటా రవాణాకు అయ్యే కరెంటు, ప్యాకేజింగ్ ఖర్చు ఇందుకు చెల్లించే మూల్యం.

మెమరీ తీగలు డై అంచుల నుంచే బయటికి వెళ్తాయి. వైశాల్యం నాలుగు రెట్లయినా చుట్టుకొలత రెండు రెట్లే అవుతుంది. చిన్న డైకి ఆ అంచు మరీ తక్కువ కాబట్టి ఆర్‌టీఎక్స్ 4060కు 128 బిట్ల బస్సుతో (మెమరీకీ చిప్‌కూ మధ్య డేటా నడిచే దారితో) సరిపెట్టి, లోటు పూడ్చడానికి 24 ఎంబీ ఎల్2 క్యాష్ ఇచ్చారు. దీనికి ముందు వచ్చిన 3060లో బస్సు 192 బిట్లు, ఎల్2 క్యాష్ 3 ఎంబీ.

ఈ రెండు కార్డుల డైలను పక్కపక్కన పెట్టి, 276 నుంచి 159 చదరపు మిల్లీమీటర్లకు తగ్గిందని పెదవి విరవకండి. 3060 డై సామ్‌సంగ్ 8 నానోమీటర్ ప్రాసెసుది, 4060 డై టీఎస్‌ఎంసీ 4ఎన్ ప్రాసెసుది. ఒకే ప్రాసెసులో తయారైన డైల మధ్యనే వైశాల్యపు పోలికకు విలువ ఉంటుంది. వేడి సంగతీ ఇలాగే చూడండి: 4060లో 115 వాట్లను 159తో, 4090లో 450 వాట్లను 608తో భాగిస్తే రెండింటికీ చదరపు మిల్లీమీటరుకు 0.7 వాట్ల పైచిలుకే వస్తుంది. డై చల్లబడటానికి రెండు చోట్లా దాదాపు ఒకే స్థాయి కష్టం ఉన్నా, గదిలోకి వచ్చే వేడి మాత్రం నాలుగు రెట్లు. మే నెలలో బెజవాడలో ఏసీ లేని గదికి 4090 తగదు.

ల్యాప్‌టాప్ కొనేవారు మరొకటి గమనించాలి. పెట్టె మీద 4090 అని ఉన్నా, లోపల ఉండేది 379 చదరపు మిల్లీమీటర్ల ఏడీ103. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు మొదటి ట్యాబులోనే డై పేరు, వైశాల్యం రెండూ చూపిస్తుంది కనుక, డబ్బు చెల్లించే ముందే దుకాణంలో దాన్ని నడిపించి చూడండి.