నడుం నొప్పికి ఆర్.ఎఫ్. అబ్లేషన్: టెస్ట్ బ్లాక్ రోజును తేలిగ్గా తీసుకోకండి

నరాన్ని వేడితో మాడ్చే ఆర్.ఎఫ్. (రేడియోఫ్రీక్వెన్సీ) అబ్లేషన్ నడుం నొప్పులన్నిటికీ పనిచేయదు. ఎక్కువగా చేసేది వెన్నుపూసల వెనక ఉండే చిన్న ఫాసెట్ కీళ్ల నొప్పికి. ఆ నొప్పి నడుం దగ్గరే ఉంటుంది, పిరుదుల్లోకో తొడ వెనక్కో పాకొచ్చు. మోకాలు దాటి పాదం దాకా జివ్వున లాగుతుంటే మాత్రం సయాటికా, అంటే నడుం నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి, అనుమానించాలి. దానికి ఈ చికిత్స డబ్బు దండగ. స్కాన్‌లో కీళ్లు అరిగినట్టు ఉండటమూ రుజువు కాదు, ఏ నొప్పీ లేనివాళ్ల స్కాన్లలోనూ అరుగుదల కనిపిస్తుంది.

కాబట్టి ముందు టెస్ట్ బ్లాక్, అంటే అనుమానమున్న నరాలను మందుతో కాసేపు మొద్దుబార్చి, నొప్పి తగ్గుతుందో లేదో చూడటం. ఒక్కో ఫాసెట్ కీలుకు రెండు నరాలు వెళ్తాయి. నడుం భాగంలోని నాలుగు, ఐదో వెన్నుపూసల మధ్య కీలు (ఎల్4-ఎల్5) అయితే ఎల్3, ఎల్4 మీడియల్ బ్రాంచ్‌లు అనే చిన్న నరాలు. ఎక్స్‌రేలో చూస్తూ ఒక్కో నరం దగ్గర అర మిల్లీలీటరుకు మించకుండా మత్తు మందు వేస్తారు. ఎక్కువ పోస్తే పక్క నరాలకూ పాకి, ఫలితం తప్పుదారి పట్టిస్తుంది.

ఆ రోజు నొప్పితోనే వెళ్లాలి. పొద్దున వేసుకునే నొప్పి మాత్ర ఆపొచ్చా అని డాక్టర్‌ను ముందే అడగండి. నిద్ర మత్తు ఇంజెక్షన్ వద్దనండి, అది కూడా నొప్పిని కప్పేస్తుంది. బ్లాక్ అయ్యాక పడుకోకుండా, నొప్పి తెప్పించే పనులే చేయండి: వెనక్కి వంగడం, మెట్లెక్కడం, పొయ్యి దగ్గర నిలబడటం. అరగంటకోసారి 0 నుంచి 10 లోపు అంకె రాయండి. 8 కాస్తా 4కు దిగితే సగం తగ్గినట్టు. కొందరు డాక్టర్లు 80 శాతం తగ్గాలంటారు, మరో రోజు రెండో బ్లాక్ కూడా చేస్తారు. మొహమాటానికి ‘బాగానే ఉందండీ’ అంటే నష్టపోయేది మీరే. 2017లో వచ్చిన నెదర్లాండ్స్ పరిశోధనలో వ్యాయామానికి అబ్లేషన్ కలిపినా చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. రోగుల ఎంపిక సరిగా లేదన్నది దానిపై వచ్చిన విమర్శల్లో ముఖ్యమైనది.

రక్తం పలచబడే మందులు, పేస్‌మేకర్, షుగర్, గర్భం సంగతి ముందే చెప్పండి. మందులు సొంతంగా ఆపకండి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేయాలి.

అబ్లేషన్ రోజు బోర్లా పడుకోబెట్టి సూదులు దింపుతారు. నరం పక్కనే, దాని పొడవునా సూది ఆనాలి. అడ్డంగా గుచ్చితే మాడే ముక్క చిన్నదై ఫలితం తగ్గుతుంది. తర్వాత 2 హెర్ట్జ్ కరెంటు ఇస్తే వీపు కండరం అదరాలి, కాలు అదరకూడదు. కాలు ఏమాత్రం కదిలినా వెంటనే చెప్పండి, సూది జరపాలి. తర్వాత 80 నుంచి 90 డిగ్రీల వేడి, ఒక్కో చోట 60 నుంచి 90 సెకన్లు లేదా ఇంకాస్త ఎక్కువ.

అదే రోజు ఇంటికి వెళ్లొచ్చు, బండి మాత్రం నడపకండి. మొదటి వారం రెండు వారాలు నొప్పి పెరగొచ్చు, చర్మం మంటగా ఉండొచ్చు. ఫలితం తెలియడానికి రెండు మూడు వారాలు పడుతుంది, ఈలోపు ఫెయిలైందని అనుకోవద్దు. కాలు బలహీనపడినా, మూత్రం ఆగినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఉపశమనం చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాది. నరం మళ్లీ పెరుగుతుంది, నొప్పీ తిరిగొస్తుంది. నడుం కండరాలకు ఫిజియోథెరపీ చేయించుకోవాల్సింది ఈ వ్యవధిలోనే. ఏ నరాలు, ఏ వైపు, ఎంత వేడి, ఎన్ని సెకన్లు అన్న వివరాలు డిశ్చార్జి కాగితంలో రాయించుకోండి. మళ్లీ చేయించాల్సి వస్తే కొత్త డాక్టర్ మొదట అడిగేది అదే.