ఫ్రీక్వెన్సీ మీటర్ రీడింగ్ కుదరడం లేదా? క్లాక్ పెంచే ముందు ఇవి చూడండి

చిన్న ఎఫ్‌పీజీఏలో (మనకి కావలసిన సర్క్యూట్‌ని లోపల అమర్చుకోగల చిప్) కరెంటు లైన్ ఫ్రీక్వెన్సీ మీటర్ కట్టేవాళ్లు రీడింగ్ కుదరకపోతే ముందుగా చేసే పని క్లాక్ (చిప్‌ని నడిపే క్రమమైన పల్సులు) వేగం పెంచడం. క్లాక్ పెరిగితే పవర్ ఖర్చు పెరుగుతుంది, కౌంటర్‌కి బిట్లు ఎక్కువ కావాలి, చివరికి చిప్పే చాలదు. అసలు తప్పు మాత్రం చాలాసార్లు ఇంకోచోట ఉంటుంది. గ్రిడ్ కోడ్ (కరెంటు గ్రిడ్ నడపడానికి పెట్టిన నియమాలు) ప్రకారం మన దేశంలో ఫ్రీక్వెన్సీ 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య ఉండాలి. ఇంత ఇరుకైన హద్దులో తేడా తెలియాలంటే మీటర్ మూడో దశాంశం దాకా నమ్మేలా ఉండాలి. దానికి వేగమైన క్లాక్ అక్కర్లేదు.

సమస్య: రీడింగ్ 49, 50, 51 మధ్య గెంతుతోంది

కారణం: ఒక సెకను గేటు (లెక్కపెట్టే వ్యవధి) తెరిచి, ఆ సెకనులో ఎన్ని సైకిళ్లు వచ్చాయో లెక్కపెడుతున్నారు. ఈ పద్ధతిలో ఒక కౌంటు అటూ ఇటూ అవడం తప్పదు. 50లో ఒకటి అంటే 2 శాతం. 0.001 హెర్ట్జ్ తేడా తెలియాలంటే గేటు 1000 సెకన్లు తెరిచి ఉంచాలి. క్లాక్ ఎంత పెంచినా ఇది మారదు, ఎందుకంటే ఇక్కడ లెక్కలోకి వస్తున్నవి క్లాక్ పల్సులు కావు.

పరిష్కారం: లెక్క తిరగేయండి. 50 సైకిళ్లు పూర్తవడానికి ఎన్ని క్లాక్ పల్సులు పట్టాయో చూడండి. 1 మెగాహెర్ట్జ్ క్లాక్‌తోనే దాదాపు 10,00,000 కౌంట్లు వస్తాయి, అంటే ఒక్క కౌంటు విలువ 0.00005 హెర్ట్జ్. మామూలు క్రిస్టల్‌లో 20 పీపీఎం (పది లక్షలకు 20 వంతులు) తేడా ఉంటే దానివల్లే 0.001 హెర్ట్జ్ తప్పు వస్తుంది. అలాంటి క్రిస్టల్‌కి 100 మెగాహెర్ట్జ్ కౌంటర్ తగిలించడం దండగ. ఆ డబ్బు మంచి టీసీఎక్స్‌ఓ (వేడి మారినా ఫ్రీక్వెన్సీ నిలకడగా ఉంచే క్రిస్టల్ ఆసిలేటర్) మీద పెట్టండి.

సమస్య: జనరేటర్ మీద లోడ్ పడగానే మీటర్ 12,330 హెర్ట్జ్ చూపిస్తోంది

కారణం: చోటు మిగలాలని కౌంటర్‌కి సరిగ్గా 20 బిట్లే ఇచ్చారు. అందులో పట్టేది 10,48,575 వరకే. ఫ్రీక్వెన్సీ 47.5కి దిగితే 50 సైకిళ్లకు 10,52,631 పల్సులు వస్తాయి. కౌంటర్ ఒక చుట్టు తిరిగి 4,055 దగ్గర ఆగుతుంది. 50 సైకిళ్లను 10,00,000తో గుణించి, దాన్ని ఈ 4,055తో భాగిస్తే ఆ వింత సంఖ్య వస్తుంది.

పరిష్కారం: ఒక్క బిట్ పెంచండి. 21 బిట్లతో 24 హెర్ట్జ్ దాకా ఇబ్బంది లేదు. అంతకన్నా కిందకి పోతే తెలిసేలా ఓవర్‌ఫ్లో ఫ్లాగ్ (కౌంటర్ నిండిపోయిందని చెప్పే బిట్) పెట్టుకోండి. భయపడి 32 బిట్లు పెట్టకండి.

సమస్య: రీడింగ్ ఉన్నట్టుండి పెరుగుతోంది, కాసేపటికి మళ్లీ మామూలే

కారణం: 50 హెర్ట్జ్ సిగ్నల్ సున్నాను చాలా నెమ్మదిగా దాటుతుంది. అక్కడ కాస్త నాయిస్ ఉన్నా ఒక అంచు (సిగ్నల్ మారే క్షణం) రెండు మూడుగా కనబడుతుంది.

పరిష్కారం: కంపారేటర్‌కి (సిగ్నల్‌ని 0, 1గా మార్చే సర్క్యూట్) హిస్టరిసిస్ ఇవ్వండి, అంటే పైకి మారే హద్దూ కిందకి మారే హద్దూ వేరుగా పెట్టండి. లోపల కూడా, ఒక అంచు వచ్చాక 15 మిల్లీసెకన్లు ఇంకేదీ లెక్కలోకి తీసుకోకండి. 1 మెగాహెర్ట్జ్‌తో అంతసేపు కొలవాలంటే 14 బిట్లు కావాలి. డిస్‌ప్లే కోసం 1 కిలోహెర్ట్జ్ టిక్ ఎలాగూ ఉంటే దాన్నే వాడుకోండి, 4 బిట్లతో పని అయిపోతుంది.

సమస్య: ఎప్పుడో ఒకసారి కౌంటు 256, 1024 లేదా 4096 తేడాతో వస్తోంది

ఇది నాయిస్ అనుకుని సగటు తీసేవాళ్లున్నారు. దయచేసి అలా చేయకండి. తేడా 2 యొక్క ఘాతాల (256, 1024 లాంటివి) చుట్టూ ఉంటే అది సర్క్యూట్ తప్పే.

కారణం: నడుస్తున్న కౌంటర్‌ని బయటి అంచుతో నేరుగా లాచ్ చేస్తున్నారు (ఆ క్షణపు విలువ పట్టి ఉంచుతున్నారు). 0111 నుంచి 1000కి మారేటప్పుడు నాలుగు బిట్లూ ఒకే క్షణంలో మారవు. మధ్యలో పట్టుకుంటే 1111 రావచ్చు, 0000 కూడా రావచ్చు.

పరిష్కారం: బయటి అంచును రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల (క్లాక్ అంచు దగ్గర ఒక్క బిట్ పట్టుకునే సర్క్యూట్లు) గుండా కౌంటర్ క్లాక్‌లోకి తీసుకురండి, తర్వాత ఆ క్లాక్‌తోనే కౌంటు పట్టుకోండి. మొదటి అంచుకీ చివరి అంచుకీ ఒకే ఆలస్యం పడుతుంది కాబట్టి, ఒక కౌంటు అటూ ఇటూ తప్ప కొలతకు నష్టం లేదు. అదనపు ఖర్చు రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు.

సమస్య: చిప్‌లో సగం చోటు భాగహారానికే పోతోంది

కారణం: కోడ్‌లో భాగహారం గుర్తు పెట్టేశారు. కోడ్‌ని సర్క్యూట్‌గా మార్చే టూల్ దాన్ని ఒకే క్లాక్‌లో తేలేలా కడుతుంది.

పరిష్కారం: సెకనుకు ఒక్క జవాబు చాలు కదా! బిట్ తర్వాత బిట్, షిఫ్ట్ చేసి తీసివేసే సీరియల్ డివైడర్ పెట్టండి. పక్కన మైక్రోకంట్రోలర్ ఉంటే కౌంటు దానికిచ్చేయండి.

సమస్య: కొలత లేనప్పుడూ పవర్ తగ్గడం లేదు

కారణం: క్లాక్ ఎనేబుల్‌తో (ఫ్లిప్‌ఫ్లాప్ మారాలా వద్దా అని చెప్పే సంకేతం) కౌంటర్ ఆగినా, క్లాక్ గీతలు ప్రతి ఫ్లిప్‌ఫ్లాప్ దాకా కొట్టుకుంటూనే ఉంటాయి.

పరిష్కారం: ఎనేబుల్ ఉన్న గ్లోబల్ క్లాక్ బఫర్‌తో ఆ భాగం మొత్తానికి క్లాక్ ఆపేయండి. మామూలు ఆండ్ గేటుతో ఆపితే గ్లిచ్‌లు (అక్కర్లేని చిన్న పల్సులు) వచ్చి కౌంటు పాడవుతుంది.

సమస్య: నిజంగానే నానోసెకన్లు కావాలి

పల్స్ వెడల్పు కొలిచేటప్పుడు ఈ అవసరం వస్తుంది. 100 మెగాహెర్ట్జ్‌తో 10 నానోసెకన్లు తెలుస్తాయి. 2.5 కావాలని 400కి పోతే, వోల్టేజీ అంతే ఉన్నా డైనమిక్ పవర్ (బిట్లు మారేటప్పుడు ఖర్చయ్యేది) నాలుగింతలవుతుంది, పొడుగాటి కౌంటర్ టైమింగ్‌కీ అందదు.

పరిష్కారం: కౌంటర్‌ని 100 దగ్గరే ఉంచండి. పీఎల్‌ఎల్ (ఒక క్లాక్ నుంచి వేరే క్లాక్‌లు తయారుచేసే భాగం) నుంచి 0, 90 డిగ్రీల (పావు సైకిల్ తేడా ఉన్న) క్లాక్‌లు తీసుకుని, వాటి ఎక్కే అంచులతోనూ దిగే అంచులతోనూ ఇన్‌పుట్‌ని నాలుగు ఫ్లిప్‌ఫ్లాప్‌లలో పట్టండి. పల్స్ అంచు ఆ 10 నానోసెకన్లలో ఏ పావులో పడిందో తెలుస్తుంది. ఆ నాలుగూ ఇన్‌పుట్ పిన్‌కి సమాన దూరంలో ఉండేలా ప్లేస్‌మెంట్ కట్టడి పెట్టాలి. సరిగ్గా కుదిరిందా అని చూడటానికి, క్లాక్‌తో సంబంధం లేని వేరే ఆసిలేటర్ నుంచి పల్సులు చాలాసేపు పంపండి. ఒక్కో పావులో దాదాపు 25 శాతం చొప్పున పడాలి. ఒకదానిలో 35, పక్కదానిలో 15 పడుతుంటే ముందు ఆ ఫ్లిప్‌ఫ్లాప్‌ల వైరింగ్ దూరాలు చూడండి.